వంద చదరపు సెంటీమీటర్ల బిళ్ల

2015 జూన్‌లో నన్ను నాంపల్లిలోని ఒక ముద్రణాలయంలో కాగితం పరీక్ష గదికి వేశారు. హోదా సీనియర్ టెస్టర్. నా కింద జూనియర్ అంటూ ఎవరూ లేరు. నాకు ముందు పనిచేసినాయన రిటైరై ఏడు నెలలైంది. ఆయన కుర్చీ మీద పేరుకున్న దుమ్ము నేనే తుడుచుకుని కూర్చున్నాను.

గది మూడో అంతస్తులో, వరండా చివర ఉండేది. దానికి రెండు తలుపులు, రెంటి మధ్య నాలుగడుగుల జాగా. బయటి తలుపు మూశాకే లోపలి తలుపు తెరవాలి. కాగితం గాలిలో తేమను పీల్చుకుంటుంది, పొడిగాలిలో వదిలేస్తుంది. తేమతోపాటు బరువూ మారుతుంది. అందుకే పరీక్ష గదిలో ఎప్పుడూ ఇరవై ఏడు డిగ్రీల వేడి, అరవై ఐదు శాతం తేమ ఉండేలా యంత్రం నడిచేది. నలుగురు లోపలికొచ్చి ఊపిరి వదిలితే ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి లోపలికి ఎవరినీ రానివ్వకూడదన్నది నిబంధన. నిబంధన లేకపోయినా వచ్చేవాళ్లు లేరు. రోజు మొత్తం మీద క్యాంటీనులో టీ అడగడానికి, సాయంత్రం అటెండరుకు తాళంచెవి ఇవ్వడానికి తప్ప నోరు తెరిచే పని పడేది కాదు. స్టేషన్ వెనక కిరాయి గదికి వెళ్లాక అదీ ఉండేది కాదు. నేను పెళ్లి చేసుకోలేదు.

నా చదువు ఇంటర్మీడియెట్‌తో ఆగింది. కాగితం గురించి నాకు తెలిసినదంతా అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కనున్న లైబ్రరీలో నేర్చుకున్నదే. అక్కడ కాగితం తయారీ మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. దాన్ని ఇంటికివ్వరు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆదివారాలు చదివాను. తొమ్మిది నెలలు పట్టింది. ఇంజనీరింగు చదివిన మా పై అధికారికి తెలియని సంగతులు నాకు తెలుసునని లోలోపల గర్వం ఉండేది. అది ఇక్కడ చెప్పాల్సిన అవసరం ఉంది.

నోటుపుస్తకం అట్ట మీద 60 జీఎస్ఎం అని రాసి ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఆ కాగితం చదరపు మీటరు తూస్తే అరవై గ్రాములుంటుందని దాని అర్థం. ప్రతిసారీ చదరపు మీటరు కాగితం కోయలేం కాబట్టి గుండ్రటి కట్టర్ వాడతాం. అరచేతిలో ఇమిడే పరికరం. కాగితం మీద పెట్టి, నొక్కి, పిడి తిప్పితే నాలుగు చిన్న బ్లేడ్లు తిరిగి గుండ్రటి బిళ్లను కోస్తాయి. ఆ బిళ్ల వైశాల్యం సరిగ్గా వంద చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరులో నూరో వంతు. బిళ్లను త్రాసులో తూచి వందతో హెచ్చిస్తే జీఎస్ఎం వస్తుంది. లాటు, అంటే ఒక విడతకు వచ్చిన సరుకు, నుంచి తీసిన షీట్లను ఒక రాత్రి గదిలో వేలాడదీసి, తెల్లారి పది బిళ్లలు కోసి, పదింటి సగటు రాయాలి. అరవైకి ఒకటిన్నర అటూ ఇటూ ఉంటే పాస్. యాభై ఎనిమిదిన్నరకు తగ్గితే లాటు వెనక్కి. ఒకే ఏడాదిలో రెండు లాట్లు వెనక్కి పోతే ఆ సరఫరాదారు పేరు జాబితా నుంచి మూడేళ్లు కొట్టేస్తారు.

ఆ జాబితాలో అందరికన్నా చిన్న సరఫరాదారు బాలమణి గారు. ఉస్మాన్‌గంజ్‌లో కాగితం దుకాణం. వాళ్ల మామగారి కాలం నుంచీ ఉంది. భర్త పోయాక నలభై ఏళ్లుగా ఆవిడే నడుపుతోంది. షీట్లు తీసేటప్పుడు సరఫరాదారు దగ్గరుండి చూడవచ్చు. మిల్లుల ఏజెంట్లు గుమాస్తాలను పంపేవారు. బాలమణి గారు మాత్రం స్వయంగా వచ్చి, సీలు వేసిన షీట్ల వెనకే మూడంతస్తులు ఎక్కి, రెండు తలుపుల మధ్య జాగాలో స్టూలు మీద కూర్చునేది. నేను బయటికి వచ్చి నిలబడేవాణ్ణి. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట మాట్లాడుకునేవాళ్లం. ఆ ఉద్యోగంలో నాతో కాగితం గురించి మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

“తమ్మీ, గిది జర పట్టుకో,” అని ఓసారి షీటు మూల నా చేతికిచ్చింది. “ఇట్ల ఊపు. ఇన్నవా? కడక్ సప్పుడు. అరవై కాగితం గిట్లనే మాట్లాడుతది. యాభై ఆరుదైతే గొంతు పీలగ ఉంటది.”

పరీక్ష గదిలో చెవులకు పనిలేదన్నాను.

“మరి చెవులెందుకు తెచ్చుకున్నవ్, ఇంటికాడ పెట్టి రాకపోయినవ్,” అంది.

మరుసటి ఏడాది జూలై మొదటి వారంలో కట్టర్ బ్లేడ్లు మొద్దుబారాయి. బిళ్లల అంచులు చిరుగుతున్నాయి. కొత్త బ్లేడ్లకు ఇండెంట్ పెట్టాను. స్టోర్స్ నుంచి రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. పరికరాన్ని బయటి మరమ్మతుకు ఇవ్వకూడదని తెలిసి కూడా బ్లేడ్లు ఊడదీసి, అఫ్జల్‌గంజ్‌లో కత్తులకు సానపట్టే దుకాణంలో ఇచ్చాను. ఆయన గంటలో తళతళలాడించి ఇచ్చాడు. బిగించి చూస్తే బిళ్ల అంచు అద్దంలా వచ్చింది. నా తెలివికి నేనే సంతోషించాను.

ఆ వారంలోనే బాలమణి గారి లాటు వచ్చింది. పది బిళ్లల సగటు 57.9. పదీ దాదాపు ఒకేలా తూగాయి. మళ్లీ పది కోశాను. అదే అంకె. తిరస్కరించి సంతకం పెట్టాను.

మర్నాడు ఆవిడ మెట్లెక్కి వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు.

“తమ్మీ, మా రీము పదిహేను కిలోల ఏడువందలు తూగుతది. నీ లెక్కల పదిహేను మీద రెండువందలే. అరకిలో యాడికి వోయింది? నీ గదిల ఎలుకలున్నయా?”

ఐదు వందల షీట్ల కట్టను రీము అంటారు. కొలతలు తెలిస్తే రీము బరువు నుంచి కూడా జీఎస్ఎం కట్టవచ్చు. బజారులో అదే పద్ధతి. ఆవిడ లెక్క తప్పు కాదు. కానీ నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. వానాకాలం, పాత గోదాము. కాగితం తేమ పీల్చుకుంటే వందకు మూడు, నాలుగు వంతుల బరువు ఊరికే పెరుగుతుంది. ఆ అరకిలో కాగితం కాదు, నీళ్లు. ఇదంతా పుస్తకంలో చదివినట్టే వరుసగా చెప్పాను. నారలు నీటిని ఎలా పట్టుకుంటాయో కూడా చెప్పాను. ఆవిడ చివరిదాకా వింది.

“చదువుకున్నోళ్లు చెప్తున్నరు. ఔ, ఉండొచ్చు,” అని దిగి వెళ్లిపోయింది.

ఆగస్టు మొదట్లో రెండో లాటు. 57.7. తిరస్కరణ. ఈసారి ఆవిడ పైకి రాలేదు. జాబితాలోంచి పేరు తీసేయాలన్న లేఖ స్టోర్స్‌లో తయారైంది. సోమవారం సంతకం అయి వెళుతుందని తెలిసింది. ఆవిడ దుకాణం నడిచేదే మా ఆర్డరు మీద.

నాకొక అలవాటు ఉంది. మా రిపోర్టు ఫారంలో జీఎస్ఎంకు ఒక గడి, మందానికి ఒక గడి ఉంటాయి. సాంద్రతకు గడి లేదు. మందం మైక్రోమీటరుతో కొలుస్తాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జీఎస్ఎంను మైక్రాన్లతో భాగిస్తే ఘన సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని సాంద్రత వస్తుంది. కాగితం ఎంత గట్టిగా నొక్కుకుని ఉందో అది చెబుతుంది. నున్నటి ఉక్కు రోలర్ల మధ్య గట్టిగా నలిపిన కాగితానికి ఎక్కువ, వదులుగా వదిలేసినదానికి తక్కువ. ఎవరూ అడగకపోయినా నా సరదా కోసం సాంద్రతలు కట్టి సొంత నోటుపుస్తకంలో ఎక్కించేవాణ్ణి. పనులు పేరుకుని ఆ రెండు నెలలవీ ఉండిపోయాయి. శనివారం మధ్యాహ్నం, వరండాలో ఎవరూ లేనప్పుడు, కూర్చుని అన్నీ ఒకేసారి కట్టాను.

బాలమణి గారు తెచ్చే మిల్లు కాగితానికి ఎప్పుడూ 0.80 వచ్చేది. ఇప్పుడు 0.77. మిల్లువాళ్లు వదులుగా చేస్తున్నారేమో అనుకున్నాను. తరవాతి వరుస ఇంకో మిల్లుది, అదీ తగ్గింది. నలిపిన కాగితాలు, నలపనివి, అట్ట కాగితాలు, జూలై రెండో వారం నుంచి అన్నీ ఒకే పాళ్లలో తగ్గాయి. దేశంలోని మిల్లులన్నీ కూడబలుక్కుని ఒకే వారంలో కాగితం వదులు చేయవు. మందం అంకెలు మాత్రం మారలేదు. అంటే తప్పు బరువులో ఉండాలి, లేదా వైశాల్యంలో.

ప్రామాణిక తూకపు రాళ్లు పెట్టి త్రాసు చూశాను. సరిగ్గానే ఉంది. ఒక బిళ్ల కోసి ఉక్కు స్కేలు మీద పెట్టాను. వంద చదరపు సెంటీమీటర్ల బిళ్లకు వ్యాసం 112.8 మిల్లీమీటర్లు ఉండాలి. నా బిళ్ల నూట పదకొండుకు చేరలేదు. సాన బ్లేడ్ల బయటి వైపు అరగదీసింది. కోసే అంచు ఒక్కోవైపు ఒక మిల్లీమీటరు లోపలికి జరిగింది. బిళ్ల చిన్నదైంది. వంద అనుకుని నేను హెచ్చించినది నిజానికి తొంభై ఆరున్నర. కట్టర్ మీద చెక్కిన 100 అంకెను తప్ప ఇంకేదీ చూడకుండా ఐదు వారాలు సంతకాలు పెట్టాను. పద్నాలుగు రిపోర్టులు. పెద్ద మిల్లుల సరుకు అరవై ఒకటికి కాస్త పైనే తూగేది కాబట్టి అంకె తగ్గినా పాసైంది, సరిగ్గా అరవై తెచ్చిన బాలమణి గారిదే పోయింది.

కొత్తగా బిగించిన ఏ కట్టర్‌నైనా మొదటి బిళ్ల వ్యాసం కొలిచి చూడాలని ఆ లైబ్రరీ పుస్తకంలోనే ఉంది. చదివాను. గుర్తుంది కూడా.

సోమవారం పొద్దున్నే స్టోర్స్ ఆఫీసర్ శ్రీహరి గారికి నోటుపుస్తకం, బిళ్ల, స్కేలు చూపించాను. ఆయన బిళ్లను చాలాసేపు వేళ్ల మధ్య తిప్పారు.

“ఇప్పుడు ఏం చేద్దామంటవయ్యా?”

బాలమణి గారి లాట్లు మళ్లీ పరీక్షించాలని, పద్నాలుగు రిపోర్టులూ రద్దు చేయాలని చెప్పాను.

“రద్దు జేస్తే కారణం రాయాలె. కారణం రాస్తే బ్లేడ్లు బయటెవడిచ్చిండని అడుగుతరు. కొత్త బ్లేడ్లు నేను వారంల తెప్పిస్త. ముంగటి లాటు నుంచి సక్కగ రాసుకో. ఒక్క దుకాణం వోతది, అంతే గద.”

ఆయన చెడ్డమనిషి కాడు. నన్ను కాపాడదామనే అన్నారు. నేను రాతపూర్వకంగా ఇచ్చాను. లేఖ ఆగింది. సరైన కట్టర్ అరువు తెచ్చి, ఇంకా మా గోదాములోనే ఉన్న బాలమణి గారి లాట్లు రెండూ పరీక్షిస్తే 60.1, 59.8 వచ్చాయి. రెండూ పాస్. నాకు చార్జి మెమో వచ్చింది. ఆ తరవాత పదోన్నతి రాలేదు. అదే హోదాలో 2022లో రిటైరయ్యాను.

ఫలితం ఆవిడకు టపాలో అందేలోపే నేనే చెప్పాలనిపించింది. లాట్లు పాసైన సాయంత్రమే ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. ఆవిడ గల్లా దగ్గర లేదు. వెనక గోదాములో ఉందన్నారు. లోపలికి వెళితే సున్నం, సిమెంటు వాసన. రీములన్నీ కొత్త చెక్కల మీదికి ఎక్కించి ఉన్నాయి. వెనక గోడ మొత్తం కొత్తగా గిలాబు చేసి ఉంది.

నిలబడే జరిగింది చెప్పాను. ఆవిడ విని గోడ దగ్గరికి నడిచింది.

“గీ గోడ చూడుండ్రి సార్,” అంది. “మీరు తడి అన్నరని రీములన్ని గాడికీడికి మోపిచ్చిన. గోడ గీకిచ్చిన. రాత్రి కాగితం ముట్టుకుంటే నాకు గూడ తడిగనే అనిపిచ్చింది. నలభై ఏండ్ల చేతులు సార్ ఇవి. మీ మాట ఇని వీటినే నమ్మలే నేను.”

క్షమించమన్నాను.

“మీరు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుండె? చెప్పిన్రు. మంచిదే. చాయ్ తాగి పోండ్రి,” అంది. తాగి వచ్చేశాను.

ఆవిడ పేరు జాబితాలోనే ఉంది. లాట్లు వస్తూనే ఉన్నాయి. షీట్లు తీసేటప్పుడు మాత్రం మిగతావాళ్లలాగే గుమాస్తాను పంపేది. ఆ ఆరేళ్లలో మళ్లీ మూడో అంతస్తు ఎక్కలేదు.

ఈ ఉదంతం నేర్పింది చెప్పి ముగిస్తాను. ఒకే పరికరంతో ఇరవైసార్లు కొలిచినప్పుడు ఇరవైసార్లూ ఒకే అంకె వస్తే, పరికరం మారలేదని మాత్రమే తేలుతుంది. అది సరైనదని తేలదు. ఏ కొలతనైనా దానితో సంబంధం లేని ఇంకో కొలత పక్కన పెట్టి చూడాలి. రీము బరువు రూపంలో అలాంటిది నాకు మొదటి తిరస్కరణ మర్నాడే అందింది. దాన్ని కాదనడానికి నా దగ్గర మంచి కారణం ఉంది. ఆ కారణం మంచిది కావడం వల్లే తప్పు ఐదు వారాలు నిలిచింది. పరీక్ష గదిలో ఇద్దరు ఉండాలని, ఒకరి అంకెను ఇంకొకరు తిరిగి కొలవాలని నోట్ పెట్టాను. నేను రిటైరయ్యేదాకా రెండో మనిషిని వేయలేదు. అందువల్ల ప్రతి లాటు నుంచి ఒక రీమును గోదాములోనే తూయించి, ఆ బరువును నా అంకె పక్కన పెన్సిలుతో రాసుకునేవాణ్ణి. రెండూ కలవకపోతే, ఎందుకు కలవలేదో తేలేదాకా సంతకం పెట్టేవాణ్ణి కాదు.