కొమ్మలు వేయకూడని జిగురు

మా అమ్మమ్మకు జుట్టు చిక్కుపడితే కోపం, జిగురు చిక్కుపడితే భయం. జిగురు కార్ఖానాలో ఆమెది ఉడికించే గది, నాది డబ్బాలకు మూతలు బిగించే గది. చదువు మధ్యలో మానేసిన నాకు అక్రిలిక్ అనే జిగురు సంగతి నేర్పింది ఆమే. పెద్ద పాత్రలో పల్చటి ద్రవం పోస్తూ ఉంటే అది పొడవాటి గొలుసులుగా మారుతుంది. ఆ గొలుసులు పక్కకొమ్మలు వేశాయా, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దవుతాయి. అలా కాకూడదంటే వేడి మీరకూడదు, కంపుమందు చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉండాలి. ఆ పేరు మేం పెట్టుకున్నదే. దాని ముందు కుళ్ళిన ఉల్లిపాయ అత్తరు.

ఏళ్ళ తరబడి దాని పక్కనే ఉండి అమ్మమ్మ ముక్కుకు ఆ కంపు తెలియడం మానేసింది. ఆ మాటంటే మాత్రం ఒప్పుకోదు.

ఆ రోజు కొత్తరకం జిగురు. మొదటిసారి పాత్ర పూర్తిగా ఆమె చేతికిచ్చారు. కుదిరితే ఆ గదికి ఆమే పెద్ద. గడ్డకడితే అంతా ఉలితో చెక్కి తియ్యాలి, తర్వాత నా పక్కన కూర్చుని మూతలు బిగించాలి.

సగం పోశాక, జిగురు బిగుస్తున్నట్టు కలిపే కడ్డీ మూలగసాగింది. మేస్త్రీ పరుగున వచ్చి కంపుమందు పడుతోందా అని అడిగాడు. ఆమె గాలి పీల్చి, బ్రహ్మాండంగా పడుతోందంది. ఆయన ముక్కూ ఆమె ముక్కుకు తమ్ముడే. అందుకే నన్ను పిలిచారు.

గుమ్మంలోనే ముక్కు మూసుకోబోయి ఆగాను.

"అమ్మమ్మా, కంపేదీ?"

"ఇంత గుప్పుమంటుంటే ఏదీ అంటావేమే?"

"అది జిగురు ఘాటు. కంపు లేదు. నీ మీద ఒట్టు."

ఆమె ముఖం పాలిపోయింది. చూస్తే కంపుమందు గొట్టం మూతికి జిగురు పొర కట్టి పూడుకుపోయింది. వెంటనే అమ్మమ్మ ద్రవం ఆపింది, పాత్ర చుట్టూ తిరిగే చన్నీళ్ళు పూర్తిగా వదిలింది, గొట్టం మార్పించింది. పారబోద్దాం పిన్నీ అన్నాడు మేస్త్రీ. ఇంకా సగం పోయాలి కదా, ఇకమీదట పెరిగే గొలుసులనైనా దారిలో పెడదామంది అమ్మమ్మ.

కంపు లేచింది. ఒక కంపుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

"వస్తోందా?"

"చచ్చిపోతున్నా అమ్మమ్మా."

"అయితే అక్కడే నిలబడు."

పోయడం పూర్తయ్యేదాకా నిలబడ్డాను. కడ్డీ మూలుగు పెరగలేదు.

సాయంత్రం అడుగు కుళాయి తిప్పారు. మొదట ఏమీ రాలేదు. అమ్మమ్మ నా మణికట్టు నలిపేస్తోంది. అంతలో లావుగా, తెగకుండా ధార దిగింది. అనుకున్నదానికంటే కాస్త చిక్కనే, అయినా జారింది. ఉడికించే గది తాళంచెవి మేస్త్రీ ఆమె చేతిలో పెట్టాడు.

తన పక్కన ఒక ముక్కు ఉండాలని షరతు పెట్టింది అమ్మమ్మ. నన్నెవరూ అడగలేదు. నేనప్పటికే నా కొలతకు సరిపోయే చేతితొడుగులు వెతుక్కుంటున్నాను.