దుప్పులకి వేసిన తువ్వాలు

నిన్న బెజవాడ బస్టాండులో మైలవరం బస్సు దగ్గర నా మీద విసుక్కున్నావు చూడు, ముందు అది రాసుకో. బస్సు ఇంకా ఆగనన్నా లేదు, కిటికీల్లోంచి కర్చీఫులు, చేతిసంచులు, ఒకావిడైతే మల్లెపూల పొట్లం కూడా సీట్ల మీదకి విసిరేశారు. మనం తోసుకుని ఎక్కేసరికి మిగిలింది ఒక్క సీటు, దాని మీద ఒక గళ్ళ తువ్వాలు. "తీసి పక్కన పెట్టి కూర్చో అమ్మమ్మా, ఎవరూ లేరుగా" అన్నావు. నేను కూర్చోలేదు సరికదా, నవ్వాను. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఈ ముసలిదానికి నవ్వేమిటా అని నీకు చిరాకు. ఎందుకు నవ్వానో చెప్తాను. నెమ్మదిగా రాయి, నా మాట మధ్యమధ్యలో పక్కదారి పడుతుంది, నువ్వు మాత్రం దారి తప్పకు.

నా పెళ్ళి పంతొమ్మిది వందల డెబ్బైల్లో అయింది. మాది గుడివాడ వైపు. ఎటు చూసినా వరిచేలే, కొండ చూడాలంటే బెజవాడ వెళ్ళాల్సిందే. మీ తాతయ్య సంబంధం వచ్చినప్పుడు "అబ్బాయి కొండపల్లి దగ్గర రిజర్వు ఫారెస్టులో గార్డు" అన్నారు. మా మేనత్తకి సగమే వినపడింది. రిజర్వు అన్నారు, గార్డు అన్నారు, ఇంకేముంది, రైల్లో ఉద్యోగం! చర్చి నుంచి చెరువుగట్టు దాకా కనపడిన వాళ్ళందరికీ "మా పిల్లకి రైల్వే సంబంధం, పచ్చజెండా ఊపుతాడంట, ఇంక మనకి టిక్కెట్టు బాధ లేదు" అని చెప్పేసింది. పెళ్ళిలో ఆవిడ మీ తాతయ్యని పక్కకి పిలిచి, మద్రాసుకి ఏ రైలు మంచిదని అడిగింది కూడా. ఆయన ఏం చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు.

కొత్త కాపురంలో నేనూ తక్కువ తినలేదు. "రిజర్వు అంటే ఎవరికండీ?" అని అడిగాను. సీటు ఎవరికో ఒకరికి రిజర్వు చేస్తారు కదా, అలాగే అడవి కూడా అనుకున్నాను. "గవర్నమెంటు అడవి. చెట్టు కొట్టకూడదు, జంతువుని ముట్టకూడదు" అన్నారు. "అది సరేనండీ, ఎవరికి?" అన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. జవాబు తెలియని ప్రశ్న అడిగితే ఆయన చేసేది అదే. ఆ తువ్వాలు పెళ్ళికి మా నాన్న పెట్టిన మంగళగిరి తువ్వాలు, ఎర్ర అంచుది. ఖాకీ చొక్కా మీద అది లేకుండా ఆయన గడప దాటేవారు కాదు.

మా అత్తగారి సందేహం ఇంకొకటి. "అడవికి కాపలా ఏంట్రా, అదేమన్నా లేచిపోద్దా?" అనేది కొడుకుని. "అడవి లేచిపోదమ్మా, మనుషులే వచ్చేస్తారు" అనేవారు ఆయన. ఆ మాట నిజమవుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నం దగ్గర కరెంటు ఫ్యాక్టరీ కట్టడం మొదలైంది. దానితో పాటు ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు, వాళ్ళకి ఇళ్ళు కావాలి, ఇళ్ళకి పునాదులు కావాలి, పునాదులకి మట్టి, రాయి కావాలి. పల్లపు స్థలాలకి మెరక మట్టి తోలుకుంటూ లారీలు పగలంతా తిరిగేవి. నేను గుడ్డ మీద వడియాలు పెడితే సాయంత్రానికి ఎర్రటి దుమ్ము పట్టి, వేయిస్తే నోట్లో కరకరలాడేది. అది వడియం కరకరో మట్టి కరకరో తెలిసేది కాదు. మా అత్తగారు మాత్రం "కారం వెయ్యక్కర్లేకుండానే రంగొచ్చింది" అని తినేసేది.

కొండ కింద, అడవి హద్దుకి లోపలే, ఒక మడుగు ఉండేది. ఎండలు ముదిరి వాగులన్నీ ఎండిపోయినా అందులో మోకాలి లోతు నీళ్ళు నిలిచేవి. దుప్పులకి వేసవంతా అదే ఆధారం. ఒక సాయంత్రం మీ తాతయ్య నన్ను తీసుకెళ్ళి తంగేడు పొదల వెనక కూర్చోబెట్టారు. "గాజులు చప్పుడు చెయ్యకు" అన్నారు. కొంగు చేతులకి చుట్టుకుని కూర్చున్నాను. ముందు ఒక ఆడదుప్పి వచ్చి, చెవులు నాలుగు దిక్కులా తిప్పి, కాలితో నేలని ఒకసారి తట్టింది. అప్పుడు మిగిలినవి వచ్చాయి. అవి నీళ్ళు తాగుతుంటే ఎంత సన్నటి చప్పుడో! ఇంటికొచ్చి చెప్తే, ఆ రోజు నుంచి మా అత్తగారు అన్నం ముందు చేసే ప్రార్థనలో దుప్పుల్ని కూడా కలిపేసింది. కూర చల్లారిపోయేది గానీ ఆమెన్ వచ్చేది కాదు.

మరుసటి వేసవిలో ఇళ్ళ ప్లాట్లు వేసే ఒకాయన లారీలు ఆ మడుగు పక్క నుంచే కొత్త దారి చేసుకున్నాయి. చుట్టూ తిరిగి వెళ్ళడానికి బద్ధకం. ఆ మోతకి దుప్పులు నీళ్ళ దగ్గరికి రాలేకపోయాయి. ఒక దుప్పిపిల్ల నీళ్ళు వెతుక్కుంటూ కొత్త ఇళ్ళ మధ్యకి వచ్చి కుక్కల పాలైంది. ఆ రోజు మీ తాతయ్య కంచం ముందు కూర్చుని లేచిపోయారు. ఆ తర్వాత ఒక పొద్దున్నే తెలిసింది, దారి చదునుగా ఉండాలని మడుగునే రాళ్ళతో పూడ్చేస్తారట. పై ఆఫీసరు రేంజరుగారికి కబురు పంపితే, ఆయన కోర్టు పని మీద గుంటూరు వెళ్ళారు, మర్నాటికి గానీ రారు. పూడ్చేది ఇవాళే.

మధ్యాహ్నం నేనూ మా అత్తగారూ క్యారేజీ పట్టుకుని వెళ్ళాం. రాళ్ళ లారీ మడుగు అంచున నిలబడి ఉంది. మీ తాతయ్య దాని ముందు నిలబడ్డారు. "ఇది రిజర్వండీ" అంటున్నారు.

"రిజర్వు రిజర్వు అని పొద్దుటి నుంచీ ఒకటే పాట. ఎవరికి రిజర్వండీ?" అన్నాడు డ్రైవరు. అదే ప్రశ్న! నేను మీ తాతయ్య మొహం చూశాను. ఆయన చెయ్యి అలవాటుగా భుజం మీదకి పోయింది.

తువ్వాలు అక్కడ లేదు. మా అత్తగారు లాగేసుకుంది. గబగబా వెళ్ళి మడుగు ఒడ్డున బురదలో పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. మా నాన్న పెట్టిన తువ్వాలు!

"ఇదేంటి మామ్మగారూ?" అన్నాడు డ్రైవరు.

"సీటుకి తువ్వాలేశాను. బస్సులో చూళ్ళేదా ఎప్పుడూ?"

"ఇదేమన్నా బస్సా ఏంటండీ?"

"బస్సు కాకపోతే ఏంట్రా అబ్బాయ్? అంతా ఎక్కేసేవాళ్ళే, దిగేవాడు ఒక్కడూ లేడు."

డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంతకీ ఎవరొస్తారండీ కూర్చోడానికి?"

"వస్తారు. పొద్దుగూకేవేళకి వస్తారు. నీలాగా హారన్ కొట్టుకుంటా రారు."

లారీతో వచ్చిన మేస్త్రీకి ఒళ్ళు మండింది. "తీసెయ్ రా దాన్ని, రాళ్ళు దించు" అన్నాడు. డ్రైవరు చేతులు కట్టుకున్నాడు. "ఒకళ్ళేసిన తువ్వాలు తీసే రకం కాదండీ నేను. మీరు తియ్యండి." మేస్త్రీ తువ్వాలు దాకా వెళ్ళాడు. ముసలావిడని చూశాడు, నన్ను చూశాడు, తువ్వాలు చూశాడు. వంగలేకపోయాడు. అడవి హద్దురాయిని మట్టిలో తొక్కేసిన మనుషులే, చూడు! "రేపు మాట్లాడదాం" అని గొణిగి లారీ వెనక్కి తిప్పించాడు. మాకు కావాల్సిందీ ఆ రేపే. మర్నాడు రేంజరుగారు రావడం, లారీ దారికి అడ్డంగా కందకం తవ్వించడం, హద్దురాళ్ళకి సున్నం కొట్టించడం అన్నీ అయ్యాయి. లారీలు చుట్టూ తిరిగే వెళ్ళాయి.

అంతకు ముందే, తెల్లవారగానే, తువ్వాలు తెచ్చుకుందామని నేనూ మీ తాతయ్యా వెళ్ళాం. ఎర్ర అంచు మీద, తెల్లటి నడిమి భాగం మీద, బురదతో చిన్నచిన్న గిట్టల ముద్రలు. జంటజంటలుగా, ఒకదాని మీద ఒకటి. మీ తాతయ్య వంగి ఒక ముద్రని వేలితో చూపించి, "ఎవరికి రిజర్వని అడిగావుగా" అన్నారు. ఎంత ఉతికినా ఆ మరక పూర్తిగా పోలేదు. ఆయన దాన్ని చర్చికి కూడా వేసుకునే వచ్చారు.

నిన్న బస్సు కొండపల్లి దాటుతుంటే కిటికీలోంచి వంగి చూశాను. కొండ మొదలు దాకా మేడలే. మడుగు ఉందో లేదో కనపడలేదు. అన్నట్టు, బెజవాడలో బస్సు కదిలే ముందే ఆ గళ్ళ తువ్వాలు మనిషి వచ్చిందిగా, చంటిపిల్లతో. నేను నిలబడి ఉండటం చూసి జరిగి, నాకూ కాస్త చోటిచ్చింది. ఇదీ రాసుకో: మనం కూర్చున్న ప్రతి సీటు మీదా వెనకొచ్చేవాళ్ళ తువ్వాలు ముందే వేసి ఉంటుంది, దిగే స్టాపు దగ్గరపడ్డాక గానీ అది మన కళ్ళకి కనపడదు.