నలభై ఫారాలూ, ఆఖరి ప్రశ్నా

ఆ రోజుల్లో నేను భయపడని వస్తువు ఏదైనా ఉందా అని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఒక్కటీ తట్టడం లేదు. బల్లంటే భయం, కుక్కంటే భయం, క్లాసులో ఎవరైనా నా పేరు పెట్టి పిలిస్తే భయం. ఇంతటి ధైర్యవంతురాలు, పదిమంది కష్టాలు విని ధైర్యం చెప్పే చదువు ఎందుకు చదివిందయ్యా అంటే, సైకాలజీ చదివితే ముందు నా భయమే పోతుందని మా చిన్నత్త చెప్పింది. (ఆ మాట ఏ ఆధారంతో చెప్పిందో ఈనాటికీ తెలియదు. పరిశోధన పద్ధతుల పేపరు పాసయ్యాక ఆధారం అడుగుదామనుకున్నాను గానీ, చిన్నత్తన్నా నాకు భయమే.)

అనంతపురంలో పీజీ రెండో ఏడాది అందరం తలా ఒక పరిశోధన చేసి పుస్తకం కుట్టించి ఇవ్వాలి. నాకు పడిన గైడును హాస్టలు పిల్లలు సెంటీమీటరు మేడం అనేవాళ్లు. మేము రాసుకొచ్చిన కాగితాల మార్జిన్లను ఆమె స్కేలు పెట్టి కొలిచేది మరి. ఎప్పుడూ అరిచేది కాదు. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టేది, అంతే. ఆ చిన్న చప్పుడుకే నేను రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. వానలు లేని పల్లెల్లో మనుషుల మనసు ఎట్లా ఉందో చూసి రమ్మని, బెళుగుప్ప దగ్గర ఒక ఊరు చెప్పి, పది ప్రశ్నల ఫారం చేతికిచ్చింది. గడిచిన రెండు వారాల్లో నిద్ర పట్టకుండా పోయిందా, ఆకలి వేయకుండా పోయిందా, పని మీద మనసు నిలవకుండా పోయిందా, ఇట్లా ఉంటాయి ప్రశ్నలు. 'అస్సలు లేదు' నుంచి 'దాదాపు ప్రతిరోజూ' దాకా నాలుగు జవాబులు. "ఉన్నది ఉన్నట్టు చదవాలమ్మా, సొంత కవిత్వం వద్దు" అంది మేడం. పదో ప్రశ్న కింద మాత్రం స్కేలు పెట్టి గీత గీసింది. చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అన్నది ఆ ప్రశ్న. ఎవరైనా అనిపించిందంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే తనకు ఫోన్ చేయమంది.

ఆ ప్రశ్న చదివిన రోజు నుంచి నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, పని మీద మనసు లేదు. (నా ఫారం నేనే నింపుకుని ఉంటే బ్రహ్మాండమైన మార్కులు వచ్చేవి.) ముక్కూమొహం తెలియని మనిషిని ఆ మాట ఎట్లా అడగడం? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమో. అవునంటే నేనేం చేయాలి? అవునన్నవాళ్ల ముందు నేనే కళ్లు తిరిగి పడిపోతే?

ఊళ్లో ఆశా కార్యకర్త అక్క ఉండేది. పాపం నాకు సాయం చేద్దామని, ఫారాలు నింపే మేడం వచ్చిందని ఇంటింటికీ చెప్పింది. గంటలో జనం ఆధారు జిరాక్సులు, పాస్‌బుక్కు జిరాక్సులు పట్టుకుని వచ్చేశారు. వాళ్లను తప్పు పట్టలేం. ఆ ఊరికి ఫారం పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ ఏ పంట ఎంత పోయిందో రాసుకుపోయేవాడే. కాస్తో కూస్తో మిగిలిందన్నవాడి పేరు నష్టపరిహారం లిస్టులో ఉండదని వాళ్లకు అనుభవం. నేను చదువు కోసం వచ్చానని ఎంత చెప్పినా "అందరూ అట్లే అంటార్లే" అని నవ్వారు.

ఒక పెద్దాయన ముందుగానే చెప్పేశాడు. "పూర్తిగా పోయిందని రాయి మేడమ్మా."

"ఏం పోయింది పెద్దాయనా?"

"నువ్వు ఏది అడిగితే అది."

నిద్ర పూర్తిగా పోయింది, ఆకలి పూర్తిగా పోయింది. ఆయన వెనక నిలబడ్డాయన "ఆయప్పకు ఏం రాసినావో నాకూ అదే రాయి పాపా, తక్కువ రాస్తే ఒప్పుకోను" అన్నాడు. ఇక పదో ప్రశ్న దగ్గరికి రాగానే నేను గొంతు సవరించుకుని, 'అస్సలు లేదు' దగ్గర నేనే టిక్కు పెట్టి, "అయిపోయింది, వేలిముద్ర వేయండి" అనేదాన్ని. మొదటి ఫారానికి తప్పు చేస్తున్నానని ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. పదో ఫారానికి అలవాటైంది. ఆఖరున రోడ్డు మీద బండి పెట్టుకుని బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే అక్క మిగిలింది. బజ్జీలు తిప్పుతూ, నవ్వుతూ, నేను అడిగిన తొమ్మిదింటికీ 'ప్రతిరోజూ' అంది. నేనూ నవ్వుతూ టిక్కులు పెట్టి, ఆమె పెట్టిన ఉగ్గాని తిని బస్సెక్కాను.

మేడం నలభై ఫారాలూ తిరగేసింది. కళ్లద్దాలు టేబుల్ మీదికి వచ్చాయి.

"ఈ ఊర్లో ఒక్కరూ నిద్రపోరు, ఒక్కరూ తినరు. చావాలని మాత్రం ఒక్కరికీ అనిపించలేదు. ఎట్లమ్మా ఇది?"

నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను, జిరాక్సులతో సహా. ఏడాది పోయింది, డిగ్రీ పోయింది, మా నాయనకు ఏం చెప్పాలి అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. మేడం ఫారాలన్నీ మళ్లీ కట్టగట్టి నా ముందుకు తోసింది.

"లిస్టు కోసం అందరూ ఎక్కువే చెప్పినారు, సరే. నలభై మందిలో ఒక్కరు నిజమే చెప్పి ఉంటే? అదెవరో నీకు తెలుసా?"

తెలియదన్నాను.

"అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదమ్మా. ఉన్న మనిషికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. రేపు పొద్దున్నే పోయి, ఒక్కొక్కరినీ విడిగా అడుగు."

అంతవరకు నా భయాలన్నీ నా గురించే. మర్నాడు బస్సులో కూర్చుని నలభై మొహాలూ గుర్తు చేసుకుంటూ, అందులో ఎవరో ఒకరు నేను చేరేలోపే ఏమైనా చేసుకుంటారేమోనని మొదటిసారి ఇంకొకరి కోసం భయపడ్డాను. ఉరవకొండలో బస్సు పది నిమిషాలు ఆగితే డ్రైవరును తిట్టుకున్నాను. (మనసులోనే. పైకి అనాలంటే భయం.)

ఫారాలమ్మ మళ్లీ వచ్చిందంటే లిస్టులో పేర్లు తీసేస్తున్నారని ఊళ్లో పుకారు పుట్టింది. ఒక్కో ఇంటికీ పోయి, పోయినసారి నేను చేసిన పని ఒప్పుకుని, పదో ప్రశ్న అడిగాను. "ఇంత చదువుకొని దొంగరాతలా పాపా?" అంది ఒక అవ్వ. ఇంకొకామె "ఇట్లాంటి మాట వాకిట్లో నిలబడి అడిగేదా? లోపలికి రా, కూర్చో" అని కోప్పడింది. పెద్దాయన మాత్రం శాంతంగా విని, "చావాలనా? ఇంకా పాస్‌బుక్కులో తప్పులు దిద్దించుకోవాల. నాకు తీరిక యాడుండాది?" అన్నాడు.

మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిది మంది అయ్యారు. ఉగ్గాని బండి దగ్గర ఎవరూ లేరు. కాగితం చూసి ఉన్నది ఉన్నట్టు చదివాను. అక్క మొదట నవ్వింది. తర్వాత గ్యాసు ఆపేసి, బాండ్లిలోకి చూస్తూ నిలబడింది.

"దినామూ అనిపిస్తాది పాపా. ఈ పొద్దు గూడా."

చదివిన పాఠాలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. బెంచీ మీద కూలబడి మేడంకు ఫోన్ చేశాను. "బయల్దేరతాండా. పక్కనే ఉండు. సలహాలు ఇయ్యొద్దు, విను" అంది. అక్క ఎన్నడూ ఎవరికీ చెప్పనివి చెప్పింది. అవి ఆమెవి, ఇక్కడ రాయను. మధ్యలో బేరాలు వస్తే ఆమెను కదలనివ్వకుండా ఉగ్గాని నేనే పెట్టాను. ఉప్పు లేదన్నాడు ఒకాయన. భయంలో ఉన్నానేమో, "లేకుంటే ఏమప్పా, తిను" అన్నాను. ఆయన తిన్నాడు. మూడు గంటలకు మేడం వచ్చింది. ఉగ్గాని అక్క తమ్ముడిని ఆశా అక్క పిలుచుకొచ్చింది. అందరం కలిసి ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మందులు, మాటలు, నెలనెలా రాకపోకలు. తేరుకోవడానికి చాలా రోజులే పట్టింది. నా పుస్తకంలో 'లోపాలు' అనే అధ్యాయం అన్నిటికంటే లావుగా వచ్చింది. మేడం దాని మార్జిన్ కొలవలేదు.

ఏడాది తర్వాత ఆ దారిన పోతూ బండి దగ్గర దిగాను. అక్క ఒళ్లు చేసింది. తిన్నాక, ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడిగాను.

"ఇంట్లోవాళ్లకే చెప్పలేదు కదక్కా. నాకెట్ల చెప్పినావు?"

నా నెమ్మదైన గొంతనో, నేను వినే తీరనో అంటుందని ఎదురుచూశాను. (అప్పటికి నాకు మొదటి ఉద్యోగం వచ్చింది, కాస్త పొగరు కూడా.)

"నీ చేతిలో కాగితం గడగడ వణకతాండె పాపా" అంది. "ఈ పిల్ల ఇంత భయపడతా గూడా అడగతాండాదే, అబద్దం చెప్పి పంపిస్తే బాగుండదు అనుకొని చెప్పేస్తి."

ఇప్పుడు కౌన్సెలింగ్ నేర్చుకునే పిల్లలకు నేనే పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నను వారానికి నాలుగైదుసార్లు, తడబడకుండా, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ అడుగుతాను. కాగితం కదలదు. భలే ధైర్యం మేడం మీకు అంటారు పిల్లలు. కానీ ఎదుటి మనిషి నా మొహం కేసి కాసేపు చూసి "అట్లాంటిదేమీ లేదు మేడం" అన్నప్పుడు, అది నిజమో, నా ధైర్యాన్ని చూసి చెప్పిన అబద్ధమో తెలియక, గ్లాసుతో నీళ్లిచ్చి ఇంకాసేపు కూర్చోమంటాను.