ముందు ఒక్కటి చాలు

పరాయిదేశంలో, హెండర్సన్ అనే ఊళ్లో, కుర్రాళ్లం కలిసి ఉండే మా ఫ్లాట్‌కి పెద్దదిక్కు ఆయనే. వంటైనా, ఉద్యోగాల వేటైనా ఆయన చెప్పినట్టే జరగాలి. అందరం అన్నా అనేవాళ్లం. ఎవరి సైకిల్ కనపడినా వంగి పెడల్ వైపు చూసి, "ముందు ఒక్కటి చాలు తమ్ముడూ, మిగతావన్నీ దండగ" అనేవాడు.

కొండల్లో తొక్కే సైకిళ్లకు పెడల్ దగ్గర మూడు పళ్లచక్రాలు పోయి, ఒక్కటే ఫ్యాషనవుతున్న రోజులవి. ఆయన తన సైకిల్‌కి రెండు తీసేసుకున్నాడు. అంతటితో ఆగాడా? ఒక శనివారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా సైకిల్‌కీ తీసేశాడు. ఎత్తెక్కేటప్పుడు ఆదుకునే చిన్న చక్రం, దాన్ని మార్చే ఎడమచేతి మీట గరాజ్‌లో నేలమీద పడున్నాయి.

"నన్నొక్క మాట అడగొద్దా అన్నా?"

"అడిగితే ఒప్పుకోవుగా! రేపు నువ్వే థాంక్స్ చెప్తావు చూడు."

మర్నాడు ఊరి వెనక కొండ సగం ఎక్కేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. దిగి సైకిల్ తోసుకుంటూ నడిచాను. ముందు ఆయన రొప్పుతూ తొక్కుతున్నాడు.

"ఎలా ఉంది తమ్ముడూ? హాయిగా లేదూ?" వెనక్కి తిరగకుండానే అరిచాడు.

అప్పుడు చూశాను ఆయన ఎడమచేతిని. బొటనవేలు హ్యాండిల్ కింద, ఎప్పుడో పీకేసిన మీట కోసం తడుముకుంటోంది. ఖాళీ గాలిని నొక్కుతోంది. మళ్లీ నొక్కుతోంది.

ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తన బొటనవేలికే నచ్చజెప్పుకోలేని మనిషి నా సైకిల్‌కి స్పానర్ పెట్టాడు!