రెండు చోట్ల రాసిన అడ్రస్

నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోలో ఒళ్లో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఉదయం ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు డేటాబేస్ సూత్రాల మీద నేను క్లాసు చెప్పాలి. మెడ చుట్టూ చున్నీ బిగించుకుని పక్కన కూర్చున్న ఒకామె నా కాగితంలోని పట్టిక మీద వేలు పెట్టింది.

"ఇదేంది మేడం, ఒక్క మనిషికి రెండు అడ్రస్‌లు రాసిన్రు?"

"తప్పు ఎలా జరుగుతుందో చూపించడానికండీ. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాసిపెడితే, ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోతారు. చిన్న పొరపాటే," అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. చున్నీ పక్కకు లాగింది. చెవి కింది నుంచి గొంతు దాకా కుట్లు వేసిన మచ్చ ఎర్రగా ఉబ్బి ఉంది.

"మొగుడు సంపుతడని ఇల్లు మారిన. కొత్త అడ్రస్ ఆఫీసుల రాయించినంక, ఎవ్వరికి తెల్వద్దని చెప్పి, ఆఫీసు క్యాబ్ గూడ వద్దన్న. ఆఫీసు రికార్డుల నా పేరు కాడ అడ్రస్ తీసేసిన్రు గని, క్యాబ్ లిస్టుల అట్లనే ఉండె. వాడు క్యాబ్ డ్రైవర్ కాడ ఆ లిస్టు చూసిండు. కత్తి పట్కొని తలుపు పలగొట్టిండు. అడ్డమొచ్చిన నా చెల్లె గడప మీదనే పానం ఇడిసింది."

ఖాజాగూడలో దిగేముందు ఆమె నా ఒళ్లోంచి ఆ కాగితాన్ని తీసి మడిచి నా చేతిలో పెట్టింది.

"చిన్న పొరపాటే గద మేడం."

ఆ రోజు క్లాసు ఆపి, ముందు మా ఆఫీసు క్యాబ్ లిస్టు తెరిచాను. అందరి అడ్రస్‌లూ అందులో ఇంకోసారి రాసి ఉన్నాయి. ప్రతిసారీ అసలు రికార్డులో వెతక్కుండా లిస్టు తొందరగా తెరుచుకుంటుందని అలా రాయించింది నేనే.