ఖాళీ అనరాని మిద్దె

కర్నూలు రాజధాని అయిన కొత్తలో గుడారాల్లోనే ఆఫీసులు నడిచాయి. అద్దె ఇళ్లకు అంత గిరాకీ వచ్చిపడితే మిరపకాయల వ్యాపారి తిరుమలయ్య మాత్రం ఎందుకు ఊరుకుంటాడు? పెళ్లాంబిడ్డలతో అంగడి వెనక గోడౌనులోకి మారి, మిద్దెను ఒక ఇంజనీరుకు అద్దెకివ్వడానికి ఒప్పుకున్నాడు. కారే మిద్దె ఇస్తే పరువేం కాను? ఇంజనీరు దిగేలోగా దూలాలు మార్చి, పైన కొత్త చౌడుమన్ను పరిపించి, సున్నం కొట్టించాడు. అంతా అప్పే.

ఆ ఖర్చును ఆదాయపన్నులో తగ్గిస్తే అప్పు తీరుతుంది, సొంతింటికి పోవచ్చు. లేకుంటే ఇంకో ఏడాది బస్తాల మధ్య తుమ్ముతూ కాపురం.

మరుసటేడు విచారణకు గోడౌనుకే వచ్చిన పన్ను ఇన్‌స్పెక్టరు మంచివాడు. తనూ రెండు తుమ్ములు తుమ్మేసరికి జాలి కూడా కలిగింది.

"మీరు కాపురముండగా చేయించిన రిపేరైతే మీ సొంత ఖర్చు, తిరుమలయ్యగారూ. ఖాళీ చేసి అద్దె కోసం చేయించిందైతే నేను సిఫారసు రాస్తాను. అప్పటికి ఇల్లు ఖాళీయే కదా?"

నిజానికి ఖాళీయే. తిరుమలయ్య తలూపేలోగా భార్య రాజ్యలక్ష్మమ్మ బస్తాల వెనకనుంచి లేచింది.

"ఖాళీ అంటారేంది సామీ! బిడ్డలు పుట్టిన ఇల్లు. రిపేరు నడిచినన్నాళ్లూ దినామూ సందేళ నేనే పోయి దీపం పెట్టి, పొయ్యి అంటించి, పాలు కాంచి వస్తాంటి."

"పొయ్యి కూడానా?"

"పొయ్యిలో పిల్లి పండుకునే కొంపనుకొంటిరా మాది?"

"అది ఊరికే శాస్త్రానికి సార్..." గొణిగాడు తిరుమలయ్య.

"శాస్త్రానికా? కూలోళ్లకు సంగటి యాడ వండితి? నువ్వు యాడ తింటివి?"

"ఆడ్నే..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కలం ఎత్తి పట్టుకున్నాడు. "ఖాళీగా ఉందని ఒక్క మాట అనండమ్మా, చాలు."

"నా నోట అనను సామీ. తథాస్తు దేవతలు తిరుగుతాంటారు."

"పోనీ, మీరు?"

తొడిమలు కూడా మిరపకాయల తూకంలో కలిపేసే మనిషి తిరుమలయ్య. ధైర్యం చేసి "ఇల్లు సార్, ఖా..." అన్నాడు. చిన్నకూతురు తుమ్మింది. అపశకునం! నోరు మూసుకుని కాసేపు ఆగాడు. మళ్లీ తెరిచాడు. ఈసారి పెద్దకూతురు తుమ్మింది. మిరపకాయల గోడౌనులో తుమ్ములు ఎప్పుడు ఆగాలి, ఆయన ఎప్పుడు చెప్పాలి? తన కళ్లల్లోంచీ నీళ్లు కారుతుంటే ఇన్‌స్పెక్టరు చూసి చూసి, "కాపురమున్నారు" అని రాసుకుని లేచిపోయాడు.

సందె పడింది. రాజ్యలక్ష్మమ్మ గోడౌనులో దీపం పెట్టి, కొంగు సర్దుకుంది.

"మళ్లా యాడికి?" అన్నాడు తిరుమలయ్య నీరసంగా.

"ఆ ఇంజనీరు పెండ్లాం మనింట్లో దీపం పెట్న్యాదో లేదో, ఒగసారి చూసొస్తా."