కూడొద్దు, టికెట్టు తీసుకోండి

ఆత్మకూరు బస్టాండులో నిలబడితే ఇప్పటికీ అదే వాసన. కాలిన డీజిలు, ఎండకు వేడెక్కిన రెగ్జిను సీట్లు, ఎవరి గంపలో నుంచో పండుమిరపకాయల ఘాటు. మోకాళ్ళు మొరాయించి సిమెంటు బల్ల మీద కూలబడినప్పుడల్లా ఆ వాసన ముక్కుకు తగులుతుంది, కండక్టరు మస్తానయ్య గుర్తొస్తాడు. ఆయన మాకు చుట్టం కాదు, మా ఊరివాడూ కాదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు, నలుగురి సొత్తును ఎట్లా కాపాడుకోవాలో నేర్పింది మాత్రం ఆయనే.

మాది వరికుంటపాడు పక్కన పల్లె. ఉదయగిరి నుంచి సాయంత్రం వచ్చే బస్సు మా ఊళ్ళోనే ఆగి, తెల్లవారి తిరిగి వెళ్ళేది. డ్రైవరుకూ కండక్టరుకూ వంతులు వేసుకుని అన్నం పెట్టేవాళ్ళం. అది మా మర్యాద. అన్నం పెట్టిన ఇంటివాళ్ళను టికెట్టు అడగకపోవడం వాళ్ళ మర్యాద. వంతులు తిరిగి తిరిగి, కొన్నాళ్ళకు ఊళ్ళో అన్నం పెట్టని ఇల్లంటూ లేకుండా పోయింది. బస్సు కిక్కిరిసి పోయేది, కండక్టరు డబ్బుల సంచి మాత్రం ఖాళీగా వేలాడేది. అందులో ముప్పు ఉందని ఎవరికీ తోచలేదు. గొర్రెలు మేపుకుని బతికేదాన్ని, సంగటి ముద్దతో ప్రయాణం గడిచిపోతుంటే నాకు మాత్రం ఎందుకు తోస్తుంది?

అట్లాంటి ఊరికి మస్తానయ్య వచ్చాడు. ఆ రోజు వంతు మాదే. సంగటి, గోంగూర పులుసు తట్టలో పెట్టుకుని వెళ్ళేసరికి ఆయన బస్సు మెట్టు మీద కూర్చుని తన క్యారియరు విప్పుకుంటున్నాడు.

"వద్దమ్మా, నాకు ఉండాది."

"ఏంది, మా కూడు నీకు గొంతు దిగదా?"

"దిగుతాది. అదే నా భయం. తిన్నానంటే రేపు నిన్ను టికెట్టు అడగలేను."

ఒళ్ళు మండి తట్ట ఎత్తుకుని వచ్చేశాను. తెల్లవారి బస్సులో ఒక్కొక్కరి ముందూ నిలబడి టికెట్టు అడిగాడు. అందరూ తీసుకునేదాకా బండి కదలదన్నాడు. ముందు సీట్లో ఉన్న పెద్దరెడ్డి లేచాడు.

"ఏమిరా, ఈడ బస్సు పెట్టుకునేదానికి జాగా ఇచ్చింది ఎవురనుకున్నావు?"

"మీరే రెడ్డిగారూ. జాగా యాడికీ పోదు. నిలిచేదానికి బస్సు ఉండాల గదా."

తర్వాత అందరికీ వినపడేట్టు చెప్పాడు. "మీ ఊరి బస్సు ఖాళీగా తిరగతా ఉండాదని డిపోలో అనుకుంటా ఉండారు. ఇంత మంది ఎక్కినారు, టికెట్టు లేకుంటే ఆడ లెక్కలో మీరెవురూ లేనట్టే. డీజిలు ఖర్చన్నా రాకపోతే బస్సు ఆపేస్తారు. కూడొద్దు, టికెట్టు తీసుకోండి."

నా పక్కన కూతురు రమణమ్మ పుస్తకాలు ఒళ్ళో అదుముకుని నా ముఖం చూసింది. ఉదయగిరి కాలేజీలో ఇంటర్ చదువుతోంది. ఆ బస్సు ఆగితే దాని చదువూ ఆగినట్టే. వేరే బస్సు దొరికే పెద్దరోడ్డు దాకా కంపచెట్ల దారిన ఆడపిల్లను రోజూ ఒంటరిగా నడిపించే ధైర్యం నాకు లేదు. కొంగుముడి విప్పాను.

"నాకొకటి, పాపకొకటి కొట్టు."

"యాడికమ్మా?"

"ఉదయగిరికే. ఇంకేడికి పోతాది నీ బస్సు, మద్రాసుకా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత సణుక్కుంటూనే ఒక్కో చెయ్యీ జేబులోకి పోయింది. పెద్దరెడ్డిది అందరికన్నా ఆఖరున.

బస్సు రద్దు కాకుండా నిలిచింది గాని, ఊరు ఆయన్ను క్షమించలేదు. "టికెట్టయ్య వచ్చినాడ్రోయ్" అని పిల్లలు వెంటపడేవాళ్ళు. పెద్దవాళ్ళు మంచినీళ్ళయినా తాగుతావా అని అడగలేదు. ఒక్కడే మెట్టు మీద కూర్చుని చద్ది తినేవాడు. ముఖం వాడిపోయి ఉండేది, మాట మాత్రం మారలేదు. రమణమ్మ చదువు ముగించింది. ఇప్పుడు కొండాపురంలో నర్సు.

మస్తానయ్యకు బదిలీ అయిన రోజు సాయంత్రం మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, రేపట్నుంచి నేను నిన్ను టికెట్టు అడగను. ఇప్పుడు పెట్టు కూడు."

పెట్టాను. తలెత్తకుండా తిన్నాడు.

"ఉప్పు ఎక్కువైందా?" అన్నాను.

"అయినా చెప్పను. ఇంకో ముద్ద వెయ్యి. ఎన్నాళ్ళ ఆకలో తెలుసునా ఇది?"

మళ్ళీ ఆయన్ను చూడలేదు.

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం. సున్నా టికెట్టు కొట్టి చేతికిస్తారు. ఆ టికెట్లను చూసే గదా సర్కారు డిపోకు డబ్బు కట్టేది! అయినా సందు దొరికితే చాలు, తీసుకోకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. "ఫ్రీయే గదవ్వా, ఆ కాయితమెందుకు?" అంటారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. కొందరు వింటారు, కొందరు ముసలిదానికి చాదస్తమని నవ్వుకుంటారు. జనంలో నలిగి కండక్టరు కూడా అలసిపోయి ఉంటాడు, నన్ను దాటి వెళ్ళిపోబోతాడు. నేనూ అలసిపోయాను. అయినా చెయ్యి చాచి అతని చొక్కా అంచు పట్టుకుంటాను.

"ఆగు అబ్బయ్యా. నన్ను లెక్కలో వేసుకోకుండా యాడికి పోతావు?"